కొమ్ము బిళ్ళ

బిళ్ళను పాడుచేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

మాండలిన్ తీగలను వట్టి వేళ్ళతో మీటరు. చేతిలో చిన్న బిళ్ళ ఒకటి పట్టుకుని దాంతో మీటుతారు. మా కోడలు దాన్ని పిక్ అంటుంది. మా ఆవిడా అలాగే అనేది. నేను బిళ్ళ అంటాను. బొటనవేలి గోరుకు రెండింతలుంటుంది. మూడు మూలలు, అందులో ఒకటి కొస, మిగతా రెండూ భుజాలు. నేను పాడుచేసింది కొమ్ముతో చేసిన బిళ్ళ. మా ఆవిడది. ఆమె పోయి మూడేళ్ళయింది. పోయేముందు మాండలిన్‌నూ ఈ బిళ్ళనూ కోడలి చేతిలో పెట్టింది. నా చేతిలో మందుల చీటీలు పెట్టింది.

నాది సానకొట్టు. కత్తెరలు, ఉలులు, గడ్డం కత్తులు, అచ్చాఫీసులో కాగితం కోసే పెద్ద బ్లేడ్లు, ఏది తెచ్చినా పదును పెట్టి ఇస్తాను. నలభై ఒక్క ఏళ్ళుగా అదే పని. చక్రం పక్కన అన్నేళ్ళు నిలబడితే చెవులు సగం పోతాయి. పోయాయి. లావు గొంతులు వినపడతాయి. సన్న చప్పుళ్ళు వినపడవు. అందువల్ల మాండలిన్ నాకు చాలా ఏళ్ళుగా ఒక మనిషి కూర్చుని చెయ్యి ఊపడమే.

కొట్లో నాకొక నియమం ఉంది. పనిముట్టు చేతికి రాగానే మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ చేతివాటం? దేనిమీద నడుస్తుంది? రోజుకు ఎంతసేపు? ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా రాయి మీద పెట్టను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. దర్జీ నేర్పాడు. మా కొట్టుకు మూడో కొట్టు వాడిది. వాడిది ఎడమచేతి వాటం. మామూలు కత్తెరనే ఎడమ చేత్తో వాడి వాడి తన చేతికి లొంగదీసుకున్నాడు. ఇరవై ఏళ్ళ కిందట నేను అడక్కుండా దాన్ని అందరి కత్తెరల్లాగే సరిచేశాను. నెలరోజులు గుడ్డ తెగకుండా రెండు బ్లేడ్ల మధ్య మడతపడింది. ఇప్పటికీ కొట్టు ముందునుంచి వెళ్తూ "బావా, ఎవరి కత్తెర చంపుతున్నావు ఇవాళ?" అని అడిగి పోతాడు.

కొట్లో అంత జాగ్రత్తగా ఉండేవాణ్ణి ఇంట్లో అడగలేదు. ఇంట్లో మనకన్నీ తెలుసుననుకుంటాం.

మా ఊళ్ళో ఒక నాటకశాల ఉంది. నాటకానికి ముందూ మధ్యలోనూ వాయించడానికి పదకొండు మంది బృందం. నెల జీతం మీద ఉంటారు. అందులో మాండలిన్ కుర్చీ ఒకటే. ఇరవై మూడేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాయనకు చేతులు వణకడం మొదలై మానుకున్నాడు. ఎవరూ నచ్చక రెండేళ్ళుగా ఖాళీగా ఉంచారు. ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడతారు. పరీక్ష పెట్టేవాళ్ళు తెరకు అటువైపు కూర్చుంటారు. వాయించేదెవరో చూడరు, వింటారంతే. ఒక మనిషిని మూడుసార్ల కంటే రానివ్వరు.

మా కోడలు రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి కొత్తగా కొన్న పల్చటి బిళ్ళతో. తీగ కంటే బిళ్ళ చప్పుడే ఎక్కువగా ఉంది, రేకు డబ్బా మీద గోరుతో కొట్టినట్టుంది అన్నారట. రెండోసారి మందమైనది తీసుకెళ్ళింది. గట్టిగా పిసికి పట్టుకుంది. చెమట పట్టి మధ్యలో అది చేతిలోంచి ఎగిరి తెర కిందనుంచి అవతలికి పోయింది. అవతలివాళ్ళు దాన్ని తెర కిందనుంచే తిరిగి తోశారు. మా అబ్బాయి ఆ కథ చెప్పినప్పుడల్లా నవ్వుతాడు. వాడు బస్సు కండక్టరు, రోజుకు నలుగురికి చెబుతాడు. ఆమె నవ్వదు.

ఆమె ఆస్పత్రి బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఉదయం నుంచి నాలుగింటి దాకా ఆవిరి గదిలో నిలబడి దుప్పట్లూ డాక్టర్ల కోట్లూ రుద్దుతుంది. మణికట్టు వాచడం మొదలైంది. ఆస్పత్రి డాక్టరే చూసి, ఈ పని ఇంకో రెండేళ్ళు చేస్తే ఈ చేత్తో గ్లాసు కూడా ఎత్తలేవని చెప్పాడు. ఆ కుర్చీ వస్తే ఆవిరి గది వదిలేస్తుంది. రాకపోతే లేదు. ఇక ఒక్కసారే మిగిలింది. ఆ వారం శుక్రవారం పదింటికి.

రెండోసారి అవకాశం పోగొట్టుకుని వచ్చాక ఆమె మా ఆవిడ కొమ్ము బిళ్ళను బయటికి తీసింది. ఎనిమిది నెలలుగా దాంతోనే సాధన చేస్తోంది. ఇదంతా నాకు తెలుసు. బిళ్ళను మాత్రం నేను దగ్గరగా చూడలేదు.

మంగళవారం పొద్దున చూశాను. ఆమె పనికి వెళ్ళింది. మాండలిన్ పెట్టె మూత మీద బిళ్ళ ఉంది. తీసి వెలుతురులో పట్టుకున్నాను. కొస మొద్దుబారింది. ఎడమ భుజం వైపు అరిగి, వాలిపోయి, వాడి వాడి మిగిలిన సబ్బుముక్కలా ఉంది. దీన్ని పట్టుకునా నలుగురి ముందు కూర్చునేది అనుకున్నాను. జేబులో వేసుకుని కొట్టుకు తీసుకెళ్ళాను. రెండు నిమిషాల పని. సన్నరాయి మీద రెండు భుజాలూ సమానం చేశాను. కొస నిలబెట్టాను. తోలు మీద రుద్ది మెరుగు పెట్టాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

ఎవరూ అడక్కుండా ఆ ఇంట్లో నేను ఒకరికి చేసిన పని చాలా కాలంగా అదొక్కటే.

సాయంత్రం ఆమె వచ్చింది, కాళ్ళూ చేతులూ కడుక్కుంది, మాండలిన్ తీసుకుంది. నేను వరండాలో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాను. చెయ్యి ఊపింది. ఆపింది. మళ్ళీ ఊపింది. ఆపి, బిళ్ళను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. తర్వాత లేచి నా ముందుకు వచ్చి అరచెయ్యి చాపింది.

"మామయ్యా, దీన్ని మీరేమన్నా చేశారా?"

"పదును పెట్టాను. సబ్బుముక్కలా అరిగిపోయి ఉంటేనూ."

"నన్ను అడగలేదు."

"అడగడానికేముంది? మొద్దుబారింది కనపడుతూనే ఉందిగా."

ఆమె గడప మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడిస్తే కసురుకోవచ్చు. ఏడవలేదు.

"అత్తయ్యకు చేసిందే నాకూ చేశారు" అంది.

ఏమిటది అని అడిగాను. ఆమె చెప్పింది. గొంతు పెంచకుండా చెప్పింది కాబట్టి రెండుసార్లు చెప్పించుకోవలసి వచ్చింది. రెండోసారి విన్నప్పుడు ఇంకా అధ్వాన్నంగా ఉంది.

ఇరవై ఆరేళ్ళ కిందట మా ఆవిడ అదే నాటకశాలకు, అదే కుర్చీ కోసం వెళ్ళింది. వెళ్ళిందని నాకు గుర్తుంది. ఆ పొద్దున ఆమె చీర మార్చుకుంటుంటే నేను బిళ్ళను తీసుకెళ్ళి పదునుపెట్టి తెచ్చి ఇచ్చాను. "నా వంతు నేను చేశాను, ఇక పో" అన్నాను. అదీ గుర్తుంది. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి వంట చేసింది. ఏమైందంటే వాళ్ళకు ఇంకెవరో దొరికారు అంది. "మంచిదే అయింది, పిల్లాణ్ణి ఎవరు చూస్తారు" అన్నాను. అంతే. మా మధ్య ఆ విషయం అక్కడితో అయిపోయింది.

నాకు తెలియంది ఇది. మాండలిన్‌కు తీగలు జంటలుగా ఉంటాయి. ఒక్కసారి మీటితే ఆ స్వరం వెంటనే చచ్చిపోతుంది. సాగాలంటే బిళ్ళను పైకీ కిందికీ ఆగకుండా తిప్పుతూ ఉండాలి. గుండ్రంగా అరిగిన అంచు జంట తీగల మీదుగా జారిపోతుంది. కొత్తగా పదునుపెట్టిన కొస ఆ రెండింటి మధ్య దిగి ఇరుక్కుంటుంది. ఆ రోజు ఆమెకు ప్రతి స్వరం దగ్గరా ఇరుక్కుంది. తెర అటువైపునుంచి చాలు అన్నారు. ఆమె ఇంటికి వచ్చి, అదే బిళ్ళతో మళ్ళీ మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి వాయించి దాన్ని మళ్ళీ తన చేతికి అరగదీసుకుంది. ఆ అరుగుదలనే నేను మంగళవారం పొద్దున రెండు నిమిషాల్లో తీసేశాను.

"నీకెప్పుడు చెప్పింది?" అన్నాను.

"పెళ్ళయిన కొత్తలో. పిక్‌ను మీ కంట పడనివ్వొద్దని చెబుతూ చెప్పారు. నేనే మర్చిపోయి పెట్టె మీద వదిలేశాను."

ఇంతలో మా అబ్బాయి డ్యూటీ దిగి వచ్చాడు. సంగతి విని నా వంక చూశాడు. వాడికీ తెలుసట. చిన్నప్పుడే తెలుసట.

"మరి నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెబితే ఏమనేవాడివి నాన్నా? పదునుగా ఉన్నదాంతో వాయించడం చేతకాక నా మీద పెడుతున్నావా అనేవాడివి. కాదా?"

వాడన్నది నిజమే. సరిగ్గా ఆ మాటే అనేవాణ్ణి. నిజమైనంత మాత్రాన వాడి మీద కోపం పోలేదు.

మర్నాడు ఆమె పని అయ్యాక వాద్యాల కొట్టుకు వెళ్తానంది. నేనూ వస్తానన్నాను. ఎందుకని అడిగింది. కాళ్ళున్నాయి కాబట్టి అన్నాను.

కొట్టు యజమాని గొంతు ఎప్పుడూ గుసగుసే. ఊళ్ళో అందరూ గుసగుసలాయన అనే అంటారు. ఆయన మాట్లాడింది నాకొక్క ముక్క వినపడలేదు. కోడలే తిరిగి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన అద్దాల సొరుగు ఒకటి లాగి బిళ్ళలన్నీ బల్ల మీద పోశాడు. రంగురంగులవి, పిల్లల గుండీల్లా ఉన్నాయి. పల్చనిది ఒకటి తీసి వంచి చూపించాడు. వంగేది మాండలిన్‌కు పనికిరాదట. తీగకు తగలగానే అది వంగి, మళ్ళీ లేచేసరికి ఆలస్యమవుతుంది. మధ్యలో టపటపమంటుంది. మందంగా, వంగకుండా ఉండాలి, అంచులు గుండ్రంగా, నున్నగా ఉండాలి. చేతిలో తిరిగిపోకుండా కాస్త పెద్దగా ఉండాలి. ఆమె పదిహేను దాకా ప్రయత్నించింది. ఒకటి చెమటకు జారింది. ఒకటి అంచు గరుకు. ఒకటి బాగానే ఉంది గానీ చప్పుడు గాజులా ఉందంది, అయినా దాన్నే కొంది. కొమ్ముది ఉందా అని అడిగితే ఇప్పుడెవరూ చేయడం లేదన్నాడు. ఆమె మా ఆవిడ బిళ్ళ తీసి ఆయనకు చూపించింది. ఆయన దాన్ని రెండువైపులా తిప్పి చూసి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"ఎవడో చేతకానివాడు మంచి పిక్‌ను గీకి తగలేశాడంటున్నారు, మామయ్యా."

కొట్లో ఉన్న నలుగురూ వినేంత గట్టిగా చెప్పింది. అంత గట్టిగా చెప్పనవసరం లేదు.

దారిలో ఆమెతో అన్నాను, రేపు సెలవు పెట్టు, మాండలిన్ తీసుకుని కొట్టుకు రా అని. మళ్ళీ పదును పెడతారా అంది. ఈసారి అడిగి చేస్తానన్నాను. వీధి చివర సరేనంది. వేరే దారి లేక అన్న సరే అది.

గురువారం పొద్దున చక్రం ఆపేసి, కొట్టు తలుపు సగం మూసి, గిరాకీ కూర్చునే స్టూలు మీద ఆమెను కూర్చోబెట్టాను.

"ఏ చేతివాటం?"

"తెలీదా మామయ్యా మీకు?"

"అడుగుతున్నా."

"కుడి."

"దేనిమీద నడుస్తుంది?"

"జంట తీగల మీద. లావువి చుట్టిన తీగలు, సన్నవి నునుపువి."

"రోజుకు ఎంతసేపు?"

"మూడు గంటలు. కుర్చీ వస్తే ఆరు."

"పట్టుకుని చూపించు" అన్నాను.

నిన్న కొన్న మందపాటి బిళ్ళ ఒకటి పట్టుకుంది. చూపుడువేలు ముడిచి, దాని పక్క భాగం మీద బిళ్ళను పడుకోబెట్టి, పైన బొటనవేలు ఉంచింది. కొస కొంచెమే బయటికి కనపడుతోంది. పట్టు మంచిదే. బొటనవేలి గోరు మాత్రం తెల్లబడి ఉంది. రోజంతా ఇస్త్రీపెట్టె పిసికిన చెయ్యి. దేన్ని పట్టుకున్నా పిసుకుతుంది. నేను బిళ్ళ కొసను పట్టుకుని లాగాను. రాలేదు.

"లాగితే రావాలి" అన్నాను. "లాగకపోతే పడకూడదు. అంతవరకే పట్టుకోవాలి. ఆకురాయిని పిసికితే అది నీ మాట వినదు, నీ భుజం మాట వింటుంది. పని మణికట్టులో ఉండాలి."

ఆమె నా వంక వింతగా చూసింది.

"అత్తయ్యా ఇదే చెప్పేవారు" అంది. "మీ మామయ్య ఆకురాయి పట్టుకున్నట్టు పట్టుకో అనేవారు. నేను కొట్టుకు వచ్చినప్పుడల్లా మీ చెయ్యి చూడమనేవారు. ఆవిడ అలాగే నేర్చుకున్నారట."

నేను లేచి వెళ్ళి కొమ్ము వెతికాను. వెతకడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది. ఆ మాట కూడా నాకు చెప్పలేదు ఆవిడ. తప్పు చెప్పలేదు, మెప్పూ చెప్పలేదు. రెండూ ఇంకొకరికి చెప్పి పోయింది.

పాత కత్తిపిడి ఒకటి దొరికింది. నిండు కొమ్ము. సన్నరంపంతో పొడుగునా చీల్చి నాలుగు పలకలు తీశాను. రెండు నాణేలు కలిపినంత మందం. ఆకురాయితో మూడు మూలలుగా గీశాను. కొసలు పెద్దగా తీయలేదు. తర్వాత దీపం మీద రేకు పట్టి మసి పోగుచేశాను. వేలితో ఆ మసిని బిళ్ళ అంచులన్నిటికీ పూసి ఆమెకు ఇచ్చాను.

"తీగలకు మసి అంటుకుంటుంది."

"తుడుచుకో. వాయించు."

ఆమె వాయించింది. నాకు చప్పుడు వినపడలేదు. నాకు కావలసింది చప్పుడు కాదు. బిళ్ళ తిరిగి తీసుకుని చూశాను. తీగ తగిలిన చోట మసి పోయి కొమ్ము మెరుస్తోంది. అక్కడ రాయి పెట్టాను. మళ్ళీ మసి పూశాను. మళ్ళీ ఇచ్చాను. యంత్రాల్లో రెండు ఇనుపముక్కలు ఒకదానికొకటి సరిపోవడానికి మేం చేసే పని ఇదే. ఎక్కడ తగులుతుందో మనిషి నోరు చెప్పలేదు, మసి చెబుతుంది. ఒక పలక విరిగింది. ఒకటి ఎక్కువ అరగదీసి పారేశాను. పన్నెండు దాటేసరికి మూడో దానిమీద నాకొకటి కనపడింది.

నేను ముఖాలు మర్చిపోతాను. అంచులు మర్చిపోను. మా ఆవిడ బిళ్ళ ఎడమ భుజం మీద అరిగింది, కొసకు బాగా పైన. ఆమె చేతిని వాల్చి వాయించేదన్నమాట. ఈ అమ్మాయి చేతిలో మసి పోతోంది అక్కడ కాదు. కొసకు పక్కనే, కుడివైపున. చెయ్యి వేరు. వాటం వేరు. అరిగిన ఆ బిళ్ళతో మెత్తగా పలికించడానికి ఆమె ఎనిమిది నెలలుగా తన మణికట్టును అటు తిప్పుకుని వాయిస్తోంది. వాపుకు ఇస్త్రీపెట్టె ఒక్కటే కారణం కాదు.

"అమ్మాయ్, ఆ బిళ్ళ నీది కాదు" అన్నాను.

"అత్తయ్యదని నాకు తెలియదా?"

"అది కాదు నేననేది. నీ చేతికి సరిపోయింది కాదు. నువ్వే దానికి సరిపోయావు. నేను పాడుచేయకపోయినా నీకు అది మంచిది కాదు."

ఆమెకు కోపం వచ్చింది. చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెబుతున్నానని అంది. అనవలసిందే. నేను రెండు బిళ్ళలనూ పక్కపక్కన పెట్టి, పాతది ఎక్కడ అరిగి ఉండేదో, కొత్తదాని మీద మసి ఎక్కడ పోయిందో చూపించాను. చాలాసేపు చూసింది.

"అది పట్టుకుంటే ఆవిడ పక్కన కూర్చున్నట్టుండేది" అంది చివరికి.

"అక్కడ కుర్చీ ఒక్కటే" అన్నాను.

మొదట చురచురా చూసింది. తర్వాత నవ్వింది. మూడు రోజుల్లో అదే నవ్వడం. నేను నవ్వలేదు. పనిలో ఉన్నాను.

మూడింటికి మూడో బిళ్ళ పూర్తయింది. తోలు మీద మెరుగు పెట్టి ఇచ్చాను. ఆమె పట్టుకుంది. గోరు తెల్లబడలేదు. కొస పట్టుకుని లాగాను. వచ్చింది. వాయించమన్నాను. ఎంతసేపు వాయించిందో లెక్క లేదు. సగం మూసిన తలుపు దగ్గర నీడ పడితే చూశాను. దర్జీ చేతిలో కొలతల టేపుతో నిలబడి ఉన్నాడు. ఎవరి కత్తెర అని అడగలేదు. కాసేపు నిలబడి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. వాడు ఏమీ అనకుండా పోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు వినపడనిది వాడికి వినపడిందన్నమాట.

ఒక్కరోజు అలవాటైన బిళ్ళతో ఆఖరిసారి పరీక్షకు వెళ్ళడం తెలివైన పని కాదని మా అబ్బాయి అన్నాడు. నిన్న కొన్నది తీసుకెళ్ళమన్నాడు. వాడి భయం వాడిది. నేను ఏమీ చెప్పలేదు. ఆ ఇంట్లో నేను చెప్పిన వాటికి ఫలితాలు చూశాం.

శుక్రవారం నేనూ వెళ్ళాను. సన్నరాయి ఒకటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాను, అవసరమైతే ఉంటుందని. నాటకశాల వెనక పొడవాటి వసారా. గోడవారగా బెంచీలు. ఏడుగురు వచ్చారు. అందరూ పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని, ఎదుటివాళ్ళ పెట్టెల వంక చూస్తూ కూర్చున్నారు. బంట్రోతు వచ్చి అంకెలు పిలుస్తున్నాడు. పేర్లు పిలవరు. మా కోడలిది ఐదో అంకె.

నాలుగో మనిషి లోపలికి వెళ్ళగానే ఆమె చిన్న డబ్బా తెరిచింది. అందులో మూడు బిళ్ళలున్నాయి. కొట్లో కొన్నది, నేను చేసింది, మా ఆవిడది. కొన్నదాన్ని సంచిలో పడేసింది. మిగతా రెండింటినీ కాసేపు అరచేతిలో ఉంచుకుంది. తర్వాత మా ఆవిడది నాకిచ్చింది.

"ఇది మీ దగ్గర ఉంచండి."

"లోపల అక్కర్లేదా?"

"కుర్చీ ఒక్కటే అన్నారుగా."

ఐదో అంకె పిలిచారు. వెళ్ళింది.

నేను బెంచీ మీదే కూర్చున్నాను. లోపల ఏం వాయించారో నాకు వినపడదు. తలుపు మీద గడియారం ఉంది. ఇరవై ఆరేళ్ళ కిందట కూడా ఇక్కడ గడియారం ఉండే ఉంటుంది. ఆ రోజు నేను రాలేదు. ముందు వెళ్ళిన నలుగురూ ఐదేసి నిమిషాల్లో బయటికి వచ్చారు. ఐదు అయింది. తొమ్మిది అయింది. పద్నాలుగు అయింది. బిళ్ళ మళ్ళీ ఎగిరిపోయి తెర కింద వెతుక్కుంటున్నారేమో అనుకున్నాను.

ఆమె బయటికి వచ్చాక చెప్పింది. నిదానంగా సాగే పాట ఒకటి, వేగంగా పోయేది ఒకటి వాయించమన్నారు. వేగంగా పోయేదాంట్లో ఒకచోట తప్పింది. తప్పిందని వాళ్ళకూ తెలుసు. అయినా నిదానంగా సాగేదాన్ని మళ్ళీ వాయించమన్నారు. మళ్ళీ ఇంకోసారి వాయించమన్నారు. ఆ తర్వాత తెర అటువైపునుంచి ఎవరో పెద్దాయన గొంతు, ఇది మూడోసారా అని అడిగింది. అవునంది.

"చెయ్యి మారింది" అన్నాడట ఆయన.

"బిళ్ళ మారిందండీ" అందట ఈమె.

పిక్ అనలేదు. బిళ్ళ అంది. ఎందుకన్నావని నేను అడగలేదు.

సోమవారం బోర్డు మీద ఐదో అంకె అంటించారు. ఆరు నెలలు చూస్తారు, ఆ తర్వాత ఖాయం చేస్తారు. మంగళవారం ఆస్పత్రికి వెళ్ళి మానేస్తున్నానని చెప్పి వచ్చింది. వాపు కొంచెం తగ్గింది. మా అబ్బాయి బస్సులో ఇప్పుడు వేరే కథ చెబుతున్నాడు. అందులో కూడా నేను చేతకానివాణ్ణేనట. కోడలు చెప్పింది.

అందరూ నేను మారానని అంటున్నారు. నేనేం మారలేదు. కొట్లో ఎప్పుడూ అడిగే మూడు ప్రశ్నలు ఇంట్లో ఒకసారి అడిగాను, అంతే. ఆ బిళ్ళ చేయడానికి నాకు పొద్దున్నుంచి మూడింటి దాకా పట్టింది. ఒక్కరోజు పని. ఇరవై ఆరేళ్ళ కిందట మా ఆవిడ నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజే చేసి ఇచ్చేవాణ్ణి. కసురుకునేవాణ్ణి, నిజమే. కసురుకుని చేసేవాణ్ణి. మళ్ళీసారికి చేతికి సరైన బిళ్ళ ఉండేది. ఆ తర్వాత కూడా ఏడాదిపాటు ఆ కుర్చీ ఖాళీగానే ఉందట, ఇంకా రెండుసార్లు మిగిలి ఉన్నాయి ఆమెకు. వెళ్ళలేదు.

నేను అడగలేదు. అది నా తప్పు. ఒప్పుకున్నాను. ఆమె చెప్పలేదు. అది ఆమె తప్పు. ఒప్పుకోవడానికి ఆమె లేదు. లేదు కదా అని ఆ తప్పును కొట్టేయడం నాకు చేతకాదు.

మా ఆవిడ బిళ్ళను నేను ఇంటికి తీసుకెళ్ళలేదు. కొట్లోనే, పదును పెట్టవలసినవి పెట్టే బల్లకు దూరంగా, గోడ అల్మారాలో చిన్న రేకు డబ్బాలో పెట్టాను. ఆ డబ్బాలో ఇంకేమీ లేదు. మొన్న దర్జీ సూదుల కోసం వెతుకుతూ దాన్ని తెరిచాడు. బిళ్ళను బయటికి తీసి కొసను వేలితో తాకి చూశాడు.

"ఇదేంటి బావా? దీనికి పదును పెట్టవా?"

"పెట్టాను" అన్నాను. "రెండుసార్లు."